నలభై ఐదు డిగ్రీల రాజీ

మార్చి 4, సోమవారం

నిన్నటి పేజీలో ‘డెబ్బై మూడేళ్ళొచ్చాయి, ఇక కొత్తగా తప్పులు చేసే ఓపిక నాకు లేదు’ అని రాశావు. సవరణ: కొత్తగా చేయక్కర్లేదు. పాతదొకటి ముప్ఫై ఆరేళ్ళుగా నిలవుంది.

ఈ పుస్తకంలో నన్ను నేనే ‘నువ్వు’ అనుకుంటాను. ఆయన పోయాక నన్ను నువ్వు అనేవాళ్ళలో వదిన ఒక్కతే మిగిలింది. ఆవిడ దాన్ని కూడా తిట్టులాగే అంటుంది.

పొద్దున పదింటికి పొడుగుపిల్ల వచ్చింది. మా గుమ్మంలో తల వంచకుండా రాలేని పరిశోధక విద్యార్థిని ఈ పిల్ల ఒక్కతే. వదినా నేనూ కలిసి నిరూపించిన సిద్ధాంతం మీద థీసిస్ రాస్తోంది. సిద్ధాంతం పునాది, ఈ పిల్లది పైఅంతస్తు. గోడలు కట్టే ముందు పునాదిని ఒకసారి కంప్యూటర్‌లో సరిచూసుకుందామనుకుంది. అక్కడే వచ్చింది చిక్కు.

“మేడమ్, నా ప్రోగ్రాంలో ఏదో దోషం ఉంది. నాలుగు నెలల నుంచి వెతుకుతున్నాను, దొరకట్లేదు. మీ సూత్రం ఇచ్చే అంకెకీ నా అంకెకీ పొంతన కుదరట్లేదు. మీ టైం వృథా చేస్తున్నందుకు సారీ.”

మా సిద్ధాంతం గడులు పేర్చి గీసే బొమ్మల గురించి; వాటిలో ఏడు గడుల దాకా ఉన్నవాటన్నిటికీ పట్టిక వేసుకొచ్చింది. మొత్తం నలభై నాలుగు. పట్టిక చివర, రెండు అంకెలకీ ఉన్న తేడా. ఆరింటికి మాత్రం సున్నా, మిగతా ముప్ఫై ఎనిమిదింటికీ ఏదో ఒక అంకె. ఆ ఆరూ ఏవంటే, అద్దంలో చూసుకున్నా అవే బొమ్మలుగా కనబడేవి.

ఇది గ్రహించడానికి నాకు కళ్ళజోడు తుడుచుకున్నంత సేపు పట్టింది. ప్రోగ్రాం బంగారంలా ఉంది.

నోరు మాత్రం ఏమందంటే, “ఇంకోసారి ప్రోగ్రాం చూసుకో అమ్మాయ్.”

ఆ పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది. గుమ్మం కోసం అనుకుంటాను.

మార్చి 5, మంగళవారం

విశేషాలేమీ లేవు. మా పేపరు మూడో సెక్షన్ చదివాను. బాగానే ఉంది. మళ్ళీ చదివాను. బాగానే ఉంది. ఒక విషయం బాగుందని రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చిందంటే బాగాలేదనే.

మార్చి 6, బుధవారం

పదహారో తేదీన వదిన డెబ్బై ఐదో పుట్టినరోజుకి డిపార్ట్‌మెంటు వాళ్ళు సభ పెడుతున్నారు. నేను అరగంట మాట్లాడాలి, మా సిద్ధాంతం గురించి, ‘ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా’. ఇంటిల్లిపాదిలో నాకు దొరికింది కోడలు. పళ్ళ డాక్టరు. ఆసుపత్రి నుంచి వచ్చి టీ తాగుతుంటే పట్టుకున్నాను.

“చూడమ్మా, గడులుంటాయి. వరసలుగా పేర్చాలి. పొడుగు వరస మొదట, తర్వాతి వరస దాన్ని మించకూడదు.”

“పళ్ళలాగా?”

“పళ్ళే అనుకో. ప్రతి పన్ను మీదా ఒక అంకె వెయ్యాలి. వరస వెంట వెళ్తుంటే అంకె అదే ఉండొచ్చు, పెరగొచ్చు, తగ్గకూడదు. నిలువుగా వెళ్తుంటే మాత్రం పెరిగి తీరాలి. ఇలా ఎన్ని రకాలుగా వెయ్యొచ్చు? అదీ ప్రశ్న.”

“ఇంతేనా అత్తయ్యా?”

నలభై ఏళ్ళ ఉద్యోగాన్ని నాలుగు వాక్యాల్లో చెబితే ఎవరైనా ఇంతేనా అనే అంటారు. చిన్న ఉదాహరణ ఇచ్చాను. రెండే గడులు, ఒకటీ రెండూ అనే అంకెలే వాడాలి. పక్కపక్కన ఉంటే ఒకటి-ఒకటి, ఒకటి-రెండు, రెండు-రెండు: మూడు రకాలు. ఒకదాని కింద ఒకటి ఉంటే ఒకటి-రెండు, అంతే: ఒకటే రకం.

కోడలు కప్పు కింద పెట్టి, “అంటే పడుకోబెడితే మూడు, నిలబెడితే ఒకటి. ఏది వరసో ఏది నిలువో తారుమారైతే కొంప మునిగినట్టే కదా!” అంది.

మత్తుమందు ఇవ్వకుండానే నరం ముట్టుకుంది. పళ్ళ డాక్టర్లంటే నాకు మొదట్నుంచీ భయమే.

మార్చి 7, గురువారం

వదిన ఇంటికి వెళ్ళాను, చెప్పేద్దామని. రెండు వీధుల అవతల, మూడో అంతస్తు. మోకాలి ఆపరేషనై అయిదు వారాలు. వాకర్ పట్టుకుని నడవమంటే దాన్ని తువ్వాలు ఆరేసుకోవడానికి వాడుతోంది.

“రావే మరదలా. సీలింగు పట్టుకు వేలాడేదానివి, కుర్చీలో కూర్చోగలవా?”

“నేలమీద ఇటుకలు మోసేవాళ్ళకి మోకాళ్ళు పోవడంలో వింతేముంది వదినా?”

ఇది మా పలకరింపు. మా విద్యలో జనం రెండు రకాలు. పొడుగు వరస పైన గీసి మిగతావి కిందికి వేలాడదీసేవాళ్ళు ఒక రకం, నాలాంటివాళ్ళు. పొడుగు వరస నేలమీద పరిచి మిగతావి పైకి పేర్చేవాళ్ళు రెండో రకం, వదినలాంటివాళ్ళు. ఏదైనా ఒకటే, లెక్క మారదు. అయినా దీని మీద మాటలు మానేసినవాళ్ళు నాకు తెలుసు. ఒకే క్లాసులో చదువుకున్నాం, ఆవిడ తమ్ముణ్ణి చేసుకున్నాను, ఇన్ని చుట్టరికాలుండి కూడా పేపరు రాసేటప్పుడు తొమ్మిది రోజులు ఇదే పోట్లాట. చివరికి మా గురువుగారు విసిగిపోయి, బల్ల మీద వదిన కాగితాన్ని వేళ్ళతో నలభై ఐదు డిగ్రీలు తిప్పారు. గడుల మూల అడుగుకొచ్చింది, బొమ్మ రెండు చేతులూ చెరోవైపు పైకి చాచింది. “ఇప్పుడిది ఎవరిదీ కాదు. నోళ్ళు మూసుకుని రాయండి” అన్నారు. నా కాగితాన్ని కూడా తిప్పారు, దాన్ని ఇంకాస్త ఎక్కువ తిప్పాల్సి వచ్చింది. రెండో సెక్షన్ నేను రాశాను, మూడోది వదిన. ఆ రాజీ గురించి ఇద్దరం చెప్పుకోని చోటు లేదు.

“సెమినార్ హాలు అద్దం తలుపు మీద మన ఏటవాలు బొమ్మ చెక్కించారట, తెలుసా? జానెడు కాదు, నిలువెత్తు!” అంది వదిన. మొహం వెలిగిపోతోంది.

చెప్పలేదు. ఆవిణ్ణి ఉద్రేకపరచకూడదని డాక్టరు చెప్పారు కదా. (ఆ డాక్టరు ఆ మాట చెప్పింది నాలుగేళ్ళ కిందట, టీవీలో ఆటలు చూడటం గురించి.)

మార్చి 8, శుక్రవారం

దొరికింది.

ఏటవాలు బొమ్మలో రెండు చేతులు. నా కాగితం తిరిగిన తిరుగుడుకి వరసలు ఎడమచేతి వెంట వెళ్తాయి. వదిన కాగితం తిరిగిన తిరుగుడుకి కుడిచేతి వెంట. నేను రెండో సెక్షన్‌లో ‘వరస’ అని రాసింది వదిన మూడో సెక్షన్‌లో ‘నిలువు’ అయి కూర్చుంది. బొమ్మ చూస్తే ఇద్దరికీ ఒకటే. ఏ చెయ్యి వరస అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎందుకు అడుగుతాం, ఇద్దరికీ తెలుసు కదా!

సరిచూడలేదా అంటే చూశాం. ఒకటి, మూడు, ఆరు, పది గడుల మెట్ల బొమ్మల మీద, చేత్తో, వారం రోజులు. మెట్లంటే ఇద్దరికీ మోజు, చూడముచ్చటగా ఉంటాయని. అద్దంలో చూసుకున్నా అవే మెట్లు. అందుకే ఏ తప్పూ బయటపడలేదు. ముప్ఫై ఆరేళ్ళలో నలభై ఒక్క పేపర్లు మమ్మల్ని పేర్కొన్నాయి. చదివింది మాత్రం ఒక్క పొడుగుపిల్ల.

మార్చి 9, శనివారం

తప్పు వదినదే.

మార్చి 10, ఆదివారం

తప్పు నాదీ కావచ్చు. తిలాపాపం తలా పిడికెడు.

పైది పొద్దున రాసింది. తర్వాత పొడుగుపిల్ల ఫోన్ చేసింది.

“మేడమ్, ఆ అధ్యాయం తీసేస్తున్నాను. అసలు… థీసిస్సే మానేద్దామనుకుంటున్నాను. బీమా కంపెనీలో ఉద్యోగం ఇస్తామన్నారు. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.”

“ఎందుకు మానేయడం?”

“ఏడు గడుల లెక్క సరిగ్గా రాయడం చేతకానిదాన్ని, నాకు పరిశోధనలెందుకు చెప్పండి? మొన్నటి నుంచి మళ్ళీ మొదట్నుంచి రాశాను, మీరు చూసుకోమన్నారు కదా. కొత్త ప్రోగ్రాం కూడా అవే తప్పుడు అంకెలిస్తోంది.” నవ్వింది. ఏడవడానికి బదులు నవ్వే నవ్వు అది.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవాల్సింది ఎవరు, తడుముకుంటున్నది ఎవరు!

“రేపు పొద్దున రా. వాళ్ళకి ఏమీ చెప్పకు” అన్నాను.

మార్చి 11, సోమవారం

వచ్చింది. కూర్చోమని కూడా అనకుండా చెప్పేశాను. “నీ ప్రోగ్రాం తప్పు కాదు, రెండూ తప్పు కాదు. మా సిద్ధాంతం తప్పు.” బొమ్మ గీసి, రెండు చేతులూ చూపించాను. అయిదు నిమిషాల్లో పట్టుకుంది. నేను నాలుగు రోజులు తీసుకున్నాను.

బల్ల మీదున్న బిస్కట్ల డబ్బా మూత తీసి ఒకటి తిని, ఇంకోటి తిని, మూడోది చేతిలో పట్టుకుని, “నాలుగు నెలలు మేడమ్” అంది.

“అవును.”

“అద్దంలో చూడు చూడు అని మా రూమ్మేట్ అనేది, మొహం ఎలా అయిపోయిందో చూసుకోమని. నేను ఈ పట్టికనే అద్దంలో చూసుకోవాల్సింది.” తర్వాత నెమ్మదిగా అడిగింది. “మీకు ఎప్పుడు తెలిసింది?”

ఇక్కడ అబద్ధానికి మంచి సందు ఉంది. నిన్న అనొచ్చు. శుక్రవారం అన్నా సగం నిజమే.

“పోయిన సోమవారం. నువ్వు పట్టిక చూపించిన నిమిషంలోనే.”

“మరి ప్రోగ్రాం చూసుకోమన్నారు!”

“అన్నాను.”

“నేను వారం రోజులు మళ్ళీ మొత్తం రాశాను!”

“తెలుసు. నీకు క్షమాపణ చెప్పడానికే రమ్మన్నాను. ఒప్పుకోనక్కర్లేదు, వింటే చాలు.”

వింది. డబ్బా మూత పెట్టేసింది. “కోపం వస్తోంది మేడమ్. మీ మీద ఎలా కోపపడాలో నాకు తెలీదు, అలవాటు లేదు.”

“మా వదిన దగ్గర ట్యూషన్ పెట్టించుకో. నలభై ఏళ్ళ అనుభవం.”

నవ్వింది. ఈసారి అసలు నవ్వు. బీమా వాళ్ళకి ఏం చెప్పబోతోందో చెప్పలేదు, నేను అడగలేదు. అడిగే హక్కు పోయిన సోమవారమే పోయింది.

వారం కిందటి పేజీకి సవరణ: ‘నోరు మాత్రం ఏమందంటే’ అని రాశావు. నోరు అనలేదు, నువ్వే అన్నావు.

మార్చి 12, మంగళవారం

వదినకి చెప్పాను.

“తప్పు నీ సెక్షన్‌లోనే ఉంటుంది” అంది, నేను వాక్యం పూర్తిచేయకముందే.

“నా సెక్షన్ సరిగ్గానే ఉంది వదినా. నీదీ సరిగ్గానే ఉంది. రెండూ కలిపి చదివితేనే తప్పు.”

“మన కాపురాల్లాగా” అంది. అలవాటుగా అనేసింది. అంతలో అర్థమైంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పదహారో తారీకుకి ఇంకా నాలుగు రోజులుంది. తలుపు మీద బొమ్మ. ఊళ్ళ నుంచి వస్తున్న శిష్యులు.

“సభ అయ్యాక చెబితే?” అంది. అరవై ఏళ్ళలో ఆవిడ నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

“ఆ పొడుగుపిల్ల ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాలి, మనం తప్పని తెలిసి. కొట్టించగలవా?”

“నువ్వింక వెళ్ళు” అంది.

వచ్చేశాను.

మార్చి 13, బుధవారం

ఫోన్ రాలేదు. మూడుసార్లు రిసీవర్ ఎత్తి చూశాను, పనిచేస్తోంది.

మార్చి 14, గురువారం

ఆరింటికి మోగింది.

“ఆ పిల్ల పట్టిక పంపించు” అంది వదిన.

“పొద్దున్నే పలకరింపు లేదా?”

“పట్టిక పంపించవే! రెండు రోజులుగా చేత్తో వేస్తున్నాను. అయిదు గడుల దగ్గర వేళ్ళు నొప్పి పుట్టాయి. తేడాలు ఊరికే రావట్లేదు. వాటికేదో లెక్కుంది.”

పోయిందనుకున్న సిద్ధాంతాన్ని ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. పోస్టుమార్టం చేస్తోంది.

మార్చి 15, శుక్రవారం

ముగ్గురం వదిన భోజనాల బల్ల దగ్గర, పొద్దున తొమ్మిది నుంచి. పొడుగుపిల్ల వస్తూనే బీమా ఉద్యోగం వద్దని సోమవారమే చెప్పేశానంది, నా వైపు చూడకుండా. నేను తువ్వాళ్ళ వాకర్ వైపు చూశాను. ఎవరైనా చూసి ఉంటే ముగ్గురం ముభావంగా ఉన్నామనుకునేవారు.

వదిన ఆ పిల్లని నిలువునా ఒకసారి చూసి, “నువ్వు కింద నుంచి పేరుస్తావా, పై నుంచి వేలాడదీస్తావా?” అని అడిగింది.

“నేను బొమ్మలు గీయను మేడమ్. అంకెల జాబితా రాసుకుంటాను.”

వదినా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఈ కాలం పిల్లలకి పోట్లాడుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

పట్టికలో మొదట కనబడింది సులువైనదే. ఒక బొమ్మకి తేడా పన్నెండైతే దాని అద్దం బొమ్మకి మైనస్ పన్నెండు. అది అలాగే ఉండాలి, మేం చేసిన తారుమారే అది. ఆపైన రెండు గంటలు ముందుకి సాగలేదు. వదిన నా రెండో సెక్షన్‌ని తిట్టింది, నేను ఆవిడ మూడో సెక్షన్‌ని తిట్టాను, పొడుగుపిల్ల మమ్మల్ని పట్టించుకోవడం మానేసి కాగితం మీద ఏదో గీస్తోంది. జీవితంలో మొదటిసారి బొమ్మ గీస్తోంది. అదీ ఏటవాలుగా.

“ఇది త్రాసులా ఉంది” అంది.

“ఏది?”

“నడుమ ఒక గీత గీస్తే, ఈ చేతివైపు గడులు ఒక పళ్ళెం, ఆ చేతివైపువి ఒక పళ్ళెం. గీతకి దూరంగా ఉన్న గడి ఎక్కువ బరువు. బొమ్మ ఎటు ఎంత మొగ్గుతోందో లెక్కేశాను. ఇదిగో, మొగ్గు మూడు, తేడా పన్నెండు. మొగ్గు అయిదు, తేడా నలభై. మొగ్గు ఏడు, తేడా డెబ్బై ఏడు. ప్రతిసారీ తేడాని మొగ్గుతో భాగిస్తే శేషం మిగలట్లేదు. అద్దంలో మారని బొమ్మలకి మొగ్గు సున్నా, తేడా సున్నా.”

వదిన వాకర్ లేకుండా లేచి నిలబడింది. తనకే తెలియలేదు. నేను చెప్పలేదు, చెబితే కూర్చుంటుంది.

ముప్ఫై ఎనిమిది బొమ్మలూ సరిచూశాం. అన్నీ అంతే. ఎందుకలా అవుతోందో ముగ్గురికీ తెలియదు. కింద నుంచి పేర్చినా పై నుంచి వేలాడదీసినా ఆ త్రాసు కనబడేది కాదు. మమ్మల్ని ముంచిన బొమ్మలోనే ఉందది.

“నిరూపణ లేదుగా” అన్నాను.

“నీకు తొందరెక్కువ. అందుకే రెండో సెక్షన్ అలా రాశావు” అంది వదిన.

మార్చి 16, శనివారం

సభ. హాలు నిండింది. తలుపు మీద బొమ్మ నిజంగానే నిలువెత్తు ఉంది. శాఖాధిపతి పరిచయ వాక్యాల్లో ‘సుప్రసిద్ధ సిద్ధాంతం’ అని నాలుగుసార్లు అన్నాడు. ప్రతిసారీ వదిన ముందు వరసలో కుర్చీలో కదిలింది.

నేను లేచి, గడులు, వరసలు, నిలువులు, కోడలికి చెప్పినట్టే చెప్పాను. కోడలు మూడో వరసలోంచి తలూపింది. తర్వాత, “ఈ సిద్ధాంతం తప్పు” అన్నాను.

ఎలా తప్పో చెప్పాను, ఏటవాలు బొమ్మ కథ చెప్పాను. కనిపెట్టింది ఎవరో చెప్పాను. నాలుగు నెలలు ఆ పిల్ల తననే అనుమానించుకుందని, అందులో చివరి వారం నా మూలంగా అని కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు నీళ్ళు తాగాల్సి వచ్చింది.

వెనక నుంచి ఎవరో అడిగారు. “మేడమ్, అసలు తప్పు ఎవరి సెక్షన్‌లో ఉంది?”

నేను నోరు తెరిచేలోపు ముందు వరసలోంచి వదిన, “రెండోది ఆవిడది, మూడోది నాది. తప్పు సరిగ్గా ఆ రెంటికీ మధ్య ఖాళీలో ఉంది. ఆ ఖాళీ మా గురువుగారిది, ఆయన్ని అడగండి, పైన ఉన్నారు” అంది.

హాలు గొల్లుమంది. శాఖాధిపతి మాత్రం నవ్వలేదు, పాపం, తలుపు వైపు చూస్తున్నాడు.

“మరి ఆ అద్దం మార్పించాలా మేడమ్?”

“బొమ్మ చేసిన తప్పేముంది నాయనా? చూసినవాళ్ళవి కళ్ళు కావు” అంది వదిన.

మిగిలిన పదిహేను నిమిషాలూ పొడుగుపిల్ల మాట్లాడింది. త్రాసు చూపించింది, పట్టిక చూపించింది, చివర్న “ఇది ఎందుకు నిజమో మాకు తెలియదు” అంది. ‘మాకు’ అంది. సభలో సగంమంది అప్పుడే కాగితాలు తీసి గడులు గీయడం మొదలుపెట్టారు. కొందరు పైకి, కొందరు కిందికి.

మార్చి 17, ఆదివారం

పొద్దున వదిన ఫోన్. “నా పుట్టినరోజు నాడు నా సిద్ధాంతాన్ని చంపావు.”

“మన సిద్ధాంతం.”

“చచ్చాక మనది. బతికున్నన్నాళ్ళూ నీదే అని చెప్పుకున్నావుగా.” ఆపైన గొంతు మారింది. “ఇంతమంది ఎదురుగా ఆ పిల్లకి క్షమాపణ చెప్పావు చూడు. నేనైతే చెప్పలేకపోయేదాన్ని.”

“నువ్వు క్షమాపణ చెప్పాల్సిన పని చేయలేదు వదినా. నేను చేశాను.”

“సర్లే. మధ్యాహ్నం రా. సవరణ రాద్దాం. పత్రికకి ఒకటి, మన పేపరున్న లైబ్రరీ కాపీకి ఒకటి. జనం ఇంకా ఆ పేజీ చూసే రాసుకుంటున్నారు.”

వెళ్ళాను. ఆరు వాక్యాల సవరణకి రెండు గంటలు పట్టింది. పత్రికకి పంపేదానికింద మూడు పేర్లు, అక్షర క్రమంలో. అలా పెడితే పొడుగుపిల్ల పేరే ముందొస్తుంది. వదిన ఆ అక్షర క్రమాన్ని అయిదు నిమిషాలు తేరిపార చూసి, ఏ లోపమూ దొరక్క ఊరుకుంది. లైబ్రరీ కాపీకి వేరే చిన్న చీటీ, వదిన చేతిరాతతో: ‘ఈ పుటలోని సిద్ధాంతం అద్దంలో మారని బొమ్మలకే వర్తిస్తుంది. నమ్మి నాలుగు నెలలు పోగొట్టుకోవద్దు.’

రేపు నువ్వు చేయాల్సింది: పదకొండున్నరలోపు లైబ్రరీకి వెళ్ళు, తర్వాత బౌండు పుస్తకాల గది తాళం వేసేస్తారు. చీటీ వదిన ఇచ్చిన నీలం ఫైలులో ఉంది. 212వ పేజీ, ఎడమ అంచున ఖాళీ ఉంది, అక్షరాలు కప్పకుండా అక్కడ అంటించు. బంక సీసా మూత బిగుసుకుపోయింది, పొద్దున్నే వేడినీళ్ళలో పెట్టు. పైఅంచుకి మాత్రమే రాయి, ఎక్కువైతే పేజీలు అతుక్కుపోతాయి. అయిదు నిమిషాలు ఆరనిచ్చి పుస్తకం మూయి.